గడువు తీరినను ఆగని యంత్రములు

2025 అక్టోబరు 14వ తేదీన ప్రపంచములోని కోట్లకొలది కంప్యూటర్లకు ఒక్కసారిగా గడువు తీరినది. విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ పదేండ్లుగా ఇచ్చుచు వచ్చిన ఉచిత సంరక్షణ ఆనాటితో ముగిసినది. మరునాటి ఉదయము ఆ యంత్రములలో ఏదియు ఆగిపోలేదు. శ్రీకాకుళములోని జిరాక్సు దుకాణములోనేమి, విజయనగరములోని పాఠశాల కార్యాలయములోనేమి, మీట నొక్కగానే తెర ఎప్పటివలెనే వెలిగినది. మందుసీసా మీది తేదీ దాటిననాడు మందు రంగు మారదు. ఇదియు అట్టిదే.

రంగు మారలేదు గనుకనే దీనిని గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. గడువన్నది క్రొత్త సరుకు అమ్ముకొనుటకు కంపెనీవారు పన్నిన ఉపాయము మాత్రమేనని కొందరందురు. గడువు తీరినదానిని ఒక్క దినమైనను ఉంచరాదు, వెంటనే పారవేయవలెనని మరికొందరందురు. రెండింటిలోను కొంత నిజమున్నది. కాని ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణమున కంప్యూటరు ముందు కూర్చుండి పొట్ట పోసికొనువానికిగాని, పది యంత్రములతో బడిపిల్లలకు పాఠము చెప్పవలసిన ఉపాధ్యాయునికిగాని, ఈ రెండు మాటలును అక్కరకు రావు.

ఆపరేటింగు సిస్టమనగా యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని జరిపించు మూల ప్రోగ్రాము. అది కోట్ల పంక్తుల వ్రాత. అంత వ్రాతలో తప్పులు దొరలక మానవు. కొన్ని తప్పుల వలన చికాకు మాత్రమే కలుగును. కొన్ని మాత్రము గడియ సరిగా పడని తలుపుల వంటివి. వాటిగుండ పరాయివాడు లోపలికి రాగలడు. అట్టివి బయటపడినకొలది దిద్దుబాట్లు వ్రాసి, అమెరికా కాలమానము ప్రకారము ప్రతి నెల రెండవ మంగళవారమున మైక్రోసాఫ్ట్ పంపుచుండును. సంరక్షణ ముగిసినదనగా ఈ దిద్దుబాట్లు ఆగినవని అర్థము.

ఇందొక చిక్కు కలదు. క్రొత్త సిస్టములో పాతదాని వ్రాత చాలవరకు మిగిలియే యుండును. క్రొత్తదానికి దిద్దుబాటు వెలువడినప్పుడు, ఎక్కడ ఏమి మార్చిరో పోల్చి చూచినచో, పాతదానిలో దిద్దబడక మిగిలిన సందు ఎక్కడనున్నదో నేర్పరియైన దొంగకు తెలిసిపోవును. ఒక విభాగమునకు పరీక్ష ముగిసి జవాబులు గోడకు అంటించిన పిదప, అదే ప్రశ్నపత్రముతో మరియొక విభాగమునకు పరీక్ష పెట్టినట్లుండును ఈ వ్యవహారము. గడువు తీరిన సిస్టము నానాటికి బలహీనమగుటకు కారణము దానికి వార్ధక్యము వచ్చుట కాదు. దాని తమ్మునికి చేయు చికిత్సయే దాని జబ్బును లోకమునకు చాటుచుండుట.

ఇది మొదటి గడువు కాదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న సంరక్షణ ముగిసినది. 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసినది. ఎక్స్‌పితో కూడిన చిన్న చిన్న కంప్యూటర్లు 2010 వరకు అంగళ్లలో అమ్ముడుపోయినవి. అట్టి యంత్రమును ఆ సంవత్సరము చివర కొన్నవానికి దక్కిన సంరక్షణ నాలుగేండ్లయినను నిండలేదు. కొనునాడు పెట్టె మీద ఈ లెక్క ఎవరును వ్రాసి చూపలేదు.

గడువు తీరిన పిదప ఏమి జరుగునో తెలిసికొనుటకు దూరదేశముల చరిత్ర వెదుకనక్కరలేదు. 2017 మే 12న లోకమంతట ఒక ఉపద్రవము చెలరేగినది. వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము కంప్యూటర్లలోని దస్త్రములన్నింటిని రహస్య లిపిలోనికి మార్చి, వాటిని విడుదల చేయవలెనన్న 300 డాలర్లు బిట్‌కాయిన్ల రూపమున చెల్లింపుమని తెర మీద నోటీసు పెట్టినది. 150 దేశములలో రెండు లక్షలకు పైబడిన యంత్రములు దానికి చిక్కినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలల పని తలక్రిందులై, వేలకొలది రోగులకు వైద్యులతో ముందుగా నిర్ణయమైన సమయములు రద్దయినవి. ఆ మరునాడే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లును దీని వాత బడినవని వార్తలు వచ్చినవి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం జిల్లాలతోపాటు శ్రీకాకుళము పేరును అందున్నది. మొత్తము 18 పోలీసు విభాగములలోని యంత్రములకు దెబ్బ తగిలినదని నాటి వార్త.

లండనులోని ఆసుపత్రికిని, నాగావళి ఒడ్డున ఉన్న జిల్లా పోలీసు కార్యాలయమునకును ఒకే వారములో ఒకే దొంగ తగులుట ఎట్లు సాధ్యమైనది? వాడు ఊరు చూచి వచ్చినవాడు కాడు. విండోస్‌లో ఫైళ్లు పంచుకొను ఏర్పాటునందొక సందుండెను. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దానిని కనిపెట్టి, ఎవరికిని చెప్పక, తన గూఢచర్యమునకు వాడుకొనినది. షాడో బ్రోకర్స్ అను ముఠా ఆ సాధనమును సంపాదించి 2017 ఏప్రిల్‌లో వెల్లడించినది. ఇక ఆ సందు తెరచియున్న ప్రతి యంత్రమును, దానితో తీగ కలిపిన ప్రక్క యంత్రమును వరుసగా పడిపోయినవి. ఈ పని ఉత్తర కొరియాదని అదే ఏడు డిసెంబరులో అమెరికా, బ్రిటను ప్రభుత్వములు ప్రకటించినవి.

నాడు పత్రికలు చాలవరకు నేరమును ఎక్స్‌పి మీదనే మోపినవి. పాత సిస్టము వాడినందుకు తగిన శాస్తియని వ్యాఖ్యానించినవి. తీరా లెక్క తేలిన తరువాత కథ వేరుగా నుండెను. దెబ్బతిన్న యంత్రములలో నూటికి 98 వరకు విండోస్ 7తో నడిచినవేనని కాస్పర్‌స్కీ సంస్థ తేల్చినది. విండోస్ 7కు అప్పటికి గడువు తీరలేదు. దాని దిద్దుబాటు రెండు నెలల ముందే, 2017 మార్చి 14ననే వెలువడినది. మందు ఇంట నుండగానే రోగము ముదిరినదన్నమాట. ఎక్స్‌పి యంత్రములు చాలవరకు ఆ దుష్ట ప్రోగ్రాము సోకగానే నీలి తెర చూపి ఆగిపోయినవే గాని, దానిని ఇతరులకు అంటించుటకు సైతము అక్కరకు రాలేదు. ఆనాడు మైక్రోసాఫ్ట్ తన నియమమును తానే సడలించి, మూడేండ్ల క్రిందట విడిచిపెట్టిన ఎక్స్‌పికి సైతము దిద్దుబాటు వెలువరించినది. 2019 మేలో బ్లూకీప్ అను మరియొక ప్రమాదము తలయెత్తినప్పుడును అట్లే చేసినది. గడువన్నది ప్రకృతి నియమము కాదు, వర్తక నిర్ణయమనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. వర్తక నిర్ణయమైనను దాని ఫలితము నిజమైనదే, గడువు దాటినవాడు దయాధర్మముల మీద బ్రతుకవలసినవాడే అనుటకును అదియే నిదర్శనము.

ఇంత తెలిసియు జనులు పాతదానిని ఏల విడువరు? పిసినారితనమని, బద్ధకమని తేలికగా అనివేయవచ్చును. శ్రీకాకుళము జిల్లావారికి దీనికి జవాబు నౌపడా రైలు స్టేషనులోనే దొరకును. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గము 1900లో నౌపడా నుండి మొదలైనది. దాని పట్టాల నడుమ దూరము రెండున్నర అడుగులు. ప్రక్కనే పోవు మదరాసు–కలకత్తా మార్గము పెద్ద గేజి. చిన్న బండిలో వచ్చిన బస్తా పెద్ద బండి ఎక్కవలెనన్న నౌపడాలో దించి మరల ఎత్తవలసినదే. ఆ చిన్న రైలు నూరేండ్లు దాటి 2004 వరకు నడిచినది. తరువాత మార్గమంతయు పెద్ద గేజికి మార్చిరి. అన్నేండ్లు దానిని మార్చకుండుట పాత ఇంజను మీది ప్రేమ చేత కాదు. ఇంజను మార్చవలెనన్న పట్టా, వంతెన, పెట్టె, స్టేషను అన్నియు మార్చవలెను. ఒక్క వస్తువునే మార్చుట సాధ్యము కాదు.

తెలుగు అచ్చుపనికి సరిగా ఇట్టి గేజి తంటాయే వచ్చిపడినది. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము, పలాస, ఏ ఊరి బజారులోనైనను డీటీపీ దుకాణములు కనుపించును. శుభలేఖలు, కరపత్రములు, పాఠశాల ప్రశ్నపత్రములు, సంఘముల నివేదికలు, స్థానిక కవుల సంపుటములు అక్కడ కూర్చబడును. అట్టి దుకాణములో పేజీమేకరు, అను ఫాంట్లు, ఎక్స్‌పి లేదా విండోస్ 7 అను మూడును కలిసి ఒక కాపురము. పేజీమేకరును ఆల్డస్ సంస్థ 1985లో వెలువరించినది. 1994లో ఆల్డస్‌ను అడోబి కొనినది. 2001లో వచ్చిన 7.0యే దాని కడపటి కూర్పు. 2004తో దాని అభివృద్ధిపని ఆగిపోయినది. ఆ పిమ్మట వచ్చిన విండోస్‌లకు దానిని అనుకూలపరచినవారు లేరు. కాపురములో ఒకరు కాలము చేసినను మిగిలిన ఇద్దరును విడిపోక నిలిచియున్నారు.

ఏలయనగా తెలుగు అక్షరము ఆ ఫాంట్లలో తన సొంత చోట లేదు. కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక సంఖ్యగా గుర్తుంచుకొనును. తెలుగు లిపికి 1991లోనే యూనికోడు అను ప్రపంచ ప్రమాణములో ప్రత్యేకమైన సంఖ్యలు ఏర్పడినవి. కాని నాటి యంత్రములకు వాటిని చూపు సామర్థ్యము లేదు. పని ఆగరాదు గనుక ఫాంట్లు చేసినవారు ఒక యుక్తి పన్నిరి. ఇంగ్లీషు అక్షరములకును, ఐరోపా భాషల గురుతులకును ఉన్న పీటల మీద తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టిరి. తలకట్టు ఒక పీట మీద, గుడి ఒక పీట మీద, కొమ్ము ఒక పీట మీద, ఒత్తులు మరికొన్ని పీటల మీద. కాగితము మీద చక్కని తెలుగు పడును. యంత్రము దృష్టిలో మాత్రము అది తెలుగు కాదు. అర్థము లేని ఇంగ్లీషు గురుతుల వరుస. ఆ ఫాంటు లేని యంత్రములో అదే దస్త్రమును తెరచినచో ఆ అర్థము లేని వరుసయే కంటబడును.

ఆ యుక్తిని ఆక్షేపించుట న్యాయము కాదు. ఆ ఫాంట్లే లేకున్నచో గత ముప్పది సంవత్సరముల తెలుగు అచ్చు ఇంత చౌకగా, ఇంత అందముగా ఊరూర జరిగియుండెడిది కాదు. సీసపు అచ్చుల పెట్టె ముందు నిలువుకాళ్ల మీద నిలిచి పంక్తులు పేర్చిన కంపోజిటర్లు, వారి తరువాతివారు, యాపిల్ కీబోర్డు అని పిలువబడు మీటల అమరికను వ్రేళ్లకు నేర్పుకొని ఈ పనిలో ప్రవేశించిరి. తెర వంక చూడకయే గంటకు ఎన్నో పుటలు కొట్టగల నేర్పు అది. క్రొత్త పద్ధతికి మారుమని వారికి చెప్పుట, ఇరువది ఏండ్లు కుడిచేత వ్రాసినవానిని ఎడమచేత వ్రాయుమనుటతో సమానము. ఆలస్యమైన ప్రతి గంటకును కూలి తగ్గునది వారికే గాని సలహా చెప్పువారికి కాదు.

విచిత్రమేమనగా, విండోస్‌లో తెలుగును దాని సొంత సంఖ్యలతో మొట్టమొదట చూపినది ఆ ఎక్స్‌పియే. గౌతమి అను ఫాంటు దానితోడనే వచ్చినది. ఇంటికి తాళపు చెవి ఇచ్చినవాని గుమ్మములోనే కూర్చుండి, తెలుగు అచ్చుపని ఇంకొక ఇరువది సంవత్సరములు దొడ్డిదారిన నడచినది. కారణము పేజీమేకరే. దానికి యూనికోడు తెలియదు.

ఇందలి నష్టము ఎంతటిదో తెలియవలెనన్న శ్రీకాకుళములోని కథానిలయమును తలచుకొనవలెను. వృత్తిచేత బడిపంతులైన కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న దానిని నెలకొల్పిరి. తెలుగు కథ ఏ పత్రికలో ఎక్కడ పడినను తెచ్చి భద్రపరచవలెనన్నది వారి సంకల్పము. నూరేండ్లనాటి పత్రికను అచట తెరచినచో చదువుటకు కన్నులుండిన చాలును, ఏ సిస్టమును అక్కరలేదు. 1990 తరువాత కంప్యూటరు మీద కూర్చబడిన కథల సంగతి వేరు. పుస్తకము అలమారులో ఉన్నది. దానిని పుట్టించిన దస్త్రము ఏదో ఒక దుకాణములోని పాత డిస్కులో ఉన్నది, లేదా ఉండెను. పుస్తకమును మరల అచ్చువేయవలెనన్నను, అందులో ఒక మాటను వెదుకవలెనన్నను, చూపులేనివారికి యంత్రము చేత చదివించి వినిపింపవలెనన్నను ఆ దస్త్రము ఉపయోగపడవలెను. అది ఇంగ్లీషు గురుతుల ముసుగులో ఉన్నంతకాలము ఉపయోగపడదు. కన్న బిడ్డకన్న పాత కాగితమే ఎక్కువ కాలము బ్రతుకుట అచ్చు చరిత్రలో ఒక వింత.

పాఠశాలల సంగతి మరియొక విధము. అక్కడ చిక్కు లిపిది కాదు, ఒప్పందములది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐదు వేల ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను పెద్ద ఎత్తున ఆరంభించినది. ప్రైవేటు సంస్థలు యంత్రములు పెట్టి, ఐదేండ్లు నడిపి, తరువాత పాఠశాలలకు అప్పగించునట్లు ఏర్పాటు. ఖర్చు తగ్గించుటకు ఎన్‌కంప్యూటింగ్ అను పద్ధతి వాడిరి. ఒక కంప్యూటరు శక్తిని పలువురు పిల్లలు తలా ఒక తెర, తలా ఒక కీబోర్డుతో పంచుకొందురు. ఐదు వేల పాఠశాలలకు పదివేల కంప్యూటర్లు, ఏబది వేల పీటలు. ఆలోచన తెలివైనదే. కాని ఐదుగురి నడుమ ఒక్క యంత్రమైనప్పుడు దాని సిస్టము చెడినచో ఐదు తెరలును ఒక్కసారే ఆరిపోవును. ఐదేండ్ల ఒప్పందము 2013లో ముగిసినది. ఎక్స్‌పి గడువు 2014 ఏప్రిల్‌లో ముగిసినది. ఆ జూనులో రాష్ట్రమే రెండైనది. సంస్థలవారు వెడలిన పిదప యంత్రములు పాఠశాలలకు మిగిలినవి. వాటిని సంరక్షించు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నయు వాటితోపాటే మిగిలినది.

విండోస్ 10 ముగియుటతో ఆ ప్రశ్న మరల వచ్చినది. దాని తరువాతి విండోస్ 11కు మారవలెనన్న యంత్రములో టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు ఉండవలెను. ప్రాసెసరు కంపెనీ జాబితాలోనిదై యుండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలవరకు 2017 చివరనుండి వచ్చిన ఎనిమిదవ తరమువి, ఆపైవి మాత్రమే ఆ జాబితాకు ఎక్కినవి. అంతకు ముందువి ఎంత చక్కగా నడుచుచున్నను లెక్కలోనికి రావు. ఇట్లు పనికిరానివిగా తేలు కంప్యూటర్లు ప్రపంచములో 24 కోట్ల వరకుండవచ్చునని కెనాలిస్ సంస్థ అంచనా వేసినది. భద్రతకు చిప్పు అవసరమేయనుకొన్నను, అక్షరములు కొట్టుటకు, లెక్కలు కట్టుటకు, పిల్లవాడు బొమ్మ గీయుటకు సరిపోవు యంత్రమును చెత్తకుప్పకు పంపు నియమము సమర్థనీయము కాదు. ముఖ్యముగా, ఒక యంత్రమును తెప్పించుకొనుటకు ఏండ్లకేండ్లు ఎదురుచూచు పాఠశాలలున్న దేశములో.

డబ్బు చెల్లించినచో సంరక్షణ మరికొంతకాలము సాగును. సామాన్య సంస్థలకు మొదటి సంవత్సరము యంత్రమునకు 61 డాలర్లు, ఆపై ఏటేట రెట్టింపు. ఇండ్లలో వాడుకొనువారికి 2026 అక్టోబరు 13 వరకు ఒక్క ఏడు మాత్రమే పొడిగింపు. కంపెనీ ఖాతాలో చేరి, యంత్రపు అమరికలను వారి భాండారములో దాచుటకు ఒప్పుకొన్నచో అది ఉచితము. విద్యాసంస్థలకు విధించిన ధర తక్కిన సంస్థలకన్న చాల తక్కువ. మొదటి సంవత్సరము ఒక డాలరు, రెండవ సంవత్సరము రెండు, మూడవ సంవత్సరము నాలుగు. పది యంత్రములున్న బడికి మూడేండ్లకు కలిపి 70 డాలర్లు. ఈ మొత్తము ఏ ప్రభుత్వమునకును భారము కాదు. కాని దీనిని ప్రధానోపాధ్యాయుడు బజారులో కొని తెచ్చుకొనలేడు; సంస్థల ఒప్పందపు లైసెన్సు ద్వారా రావలెను. రాజధానిలో ఒకరు పూనుకొని సంతకము చేసిననే గాని సోంపేట బడికి ఆ ఒక్క డాలరు సంరక్షణ చేరదు. పాఠశాలకు ఏది లోపించినదో ఇక్కడ స్పష్టముగా కనుపించును: డబ్బు కాదు, సంతకము.

మరి మారలేనివారు ఏమి చేయవలెను? బ్యాంకుల ఉదాహరణము ఇందుకు కొంత తోడ్పడును. ఎక్స్‌పికి గడువు తీరి నాలుగేండ్లయినను దేశములోని ఏటీఎం యంత్రములు అనేకము దానితోనే నడుచుచుండెను. 2018 జూనులో రిజర్వు బ్యాంకు గట్టిగా ఆదేశించి, దశలవారీగా మార్చి 2019 జూను నాటికి పూర్తిచేయవలెనని గడువు పెట్టినది. ధనము కాపాడవలసిన బ్యాంకులకే అంత కాలము పట్టినప్పుడు డీటీపీ దుకాణదారుని ఒక్కనినే నిందించుట దేనికి? బ్రిటిషు ప్రభుత్వము సైతము 2014లో ఎక్స్‌పి సంరక్షణను ఒక్క ఏడు పొడిగించుకొనుటకు 55 లక్షల పౌనులు చెల్లించినది.

2017 నాటి అనుభవము నేర్పినదొకటి కలదు. వయసుకన్న సంబంధము ప్రమాదకరము. ఇంటర్నెట్టుతో సంబంధము లేక, ప్రక్క యంత్రములతో తీగ లేక, ఒక మూల ప్రశ్నపత్రములు కూర్చుచున్న ఎక్స్‌పి యంత్రము, నెట్టుకు కట్టియుండి నెలల తరబడి దిద్దుబాట్లు వేసికొనని క్రొత్త యంత్రముకన్న సురక్షితము. కాని అట్టి ఏకాంతవాసమునకును ఒక దొడ్డితలుపు కలదు. అది పెన్‌డ్రైవు. పదిమంది ఖాతాదారులు పది పెన్‌డ్రైవులు తెచ్చి గ్రుచ్చు యంత్రమును ఒంటరిదని అనుట చెల్లదు. అచ్చుకు వచ్చిన వ్రాతను ముందుగా మరియొక యంత్రములో పరీక్షించి తెచ్చుకొను పద్ధతి పాటించు దుకాణములు అరుదు. ఇక క్రొత్త యంత్రము కొన్నవారు, దానిలోపల పాత సిస్టమును ఒక ప్రోగ్రామువలె నడుపుకొనవచ్చును. వర్చువల్ మెషీన్ అందురు, కంప్యూటరులో కంప్యూటరన్నమాట. పాత పేజీమేకరు పాత ఎక్స్‌పిలోనే ఉన్నానని భ్రమపడి పని చేయును. బయటిలోకముతో వ్యవహారమంతయు క్రొత్త సిస్టము చూచుకొనును.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మార్గము కూడ కలదు. కేరళ ప్రభుత్వము తన పాఠశాలలను చాలకాలము క్రిందటనే లినక్సుకు మరల్చినది. ఎక్స్‌పి ముగిసిన 2014లో తమిళనాడు ప్రభుత్వము సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సును వాడుమని తన శాఖలకు సూచించినది. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ ఈ దిశగా కృషిచేసినది. లినక్సుకు గడువులుండవని చెప్పువారును కలరు. అది నిజము కాదు. ఉబుంటు వంటివాటి దీర్ఘకాల కూర్పులకు సైతము సామాన్యముగా ఐదేండ్లే ఉచిత సంరక్షణ. భేదమేమన తరువాతి కూర్పుకు మారుటకు పైకము అక్కరలేదు, పాత యంత్రమును పారవేయుమను నిర్బంధము తక్కువ. విండోస్ 11 త్రోసిపుచ్చిన యంత్రములతో నడుచు బడులకు ఇది నిజమైన దారి. అచ్చుపనివారికి మాత్రము ఇది దారి కాదు. వారి పేజీమేకరు, వారి అను ఫాంట్లు ఆ ఇంట సుఖముగా కాపురము చేయవు.

వారికి మిగిలినది నౌపడాలో జరిగిన పనియే: బస్తాలు దించి మరల ఎత్తుట. పాత దస్త్రములను యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు. అవి పెక్కు అక్షరములను సరిగానే మార్చును. కాని ఒత్తులు తారుమారగుట, అరుదైన సంయుక్తాక్షరములు విరుగుట సామాన్యము. ఒకరు మూలమును ఎదుట నుంచుకొని పంక్తి పంక్తిని సరిచూడవలెను. ఇది తెలుగు చదువుకొన్నవారు చేయవలసిన పని. భాషోపాధ్యాయులకును, కళాశాల విద్యార్థులకును చేతనైన పని. పాత సిస్టము నడుచుచున్నంతకాలమే దీనికి అవకాశము. డిస్కు తిరుగుట మానిన దినమున ఏ ప్రోగ్రామును దానిని చదువలేదు. ఆ యంత్రమును ఇంకను నడిపించుకొనుటకు సరియైన కారణము ఇదియే. ఈ పని పూర్తియైన పిదప దానిని ఉంచుటకు కారణము మిగులదు.

పాత సిస్టము వలన కలుగు నష్టములలో దొంగల సంగతి మాత్రమే అందరికిని తెలియును. అది చూపజాలనివి ఎన్నియో కలవు. సీతంపేట మన్యము 2022లో శ్రీకాకుళము నుండి విడివడి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. అచటి సవరల భాషను గిడుగు రామమూర్తిగారు నేర్చి, దానికి నిఘంటువు కూర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో సవర పిల్లలకు పాఠములు తెలుగు లిపిలోనే అచ్చయినవి. ఒడిశా వైపున మాత్రము ఆ భాషకు 1936లో మంగే గొమాంగో ఒక ప్రత్యేక లిపిని, సొరా సొంపెంగును, కల్పించెను. అది 2012లో యూనికోడున చేరినది. విండోస్ 8తో వచ్చిన నిర్మల యూఐ అను ఫాంటులో తెలుగుతోపాటు దానికిని చోటు దొరకినది. ఎక్స్‌పితోగాని విండోస్ 7తోగాని నడుచు యంత్రములో ఆ లిపిలోని పుటను తెరచినచో, వెదకి తెచ్చి ఫాంటు అమర్చుకొన్ననే తప్ప, అక్షరములకు బదులు ఖాళీ చతురస్రములు వరుసగా నిలుచును.